ఎర్జురుం మంచులో అంజనమ్మ

పొద్దున ఏడుగంటల టౌన్ బస్సులో అంజనమ్మ ముందు సీట్లో, కూతురు ప్రతిభ వెనక సీట్లో కూర్చునేవాళ్లు. హోసూరు ఫ్యాక్టరీకి ఒక స్టాపు ముందే ప్రతిభ దిగిపోయేది. ఆమె ఆ ఫ్యాక్టరీలో ఇంజనీరు. తల్లి అదే ఫ్యాక్టరీ క్యాంటీన్లో గిన్నెలు తోమేది. వాళ్లు తల్లీకూతుళ్లని లోపల ఎవరికీ తెలియదు. ఎందుకిట్లా అని అంజనమ్మ ఒక్కరోజూ అడగలేదు.

విజయవాడ నుంచి వచ్చి అక్కడే పనిచేసే జితేంద్ర పెళ్లి మాట ఎత్తినప్పుడు, తన తల్లి చిన్నప్పుడే పోయిందని చెప్పేసింది ప్రతిభ. ఆ మధ్యాహ్నం తల్లి కడిగిన పళ్లెంలోనే అన్నం తినింది.

మాఘమాసంలో కొత్త మెషీన్ చూసి రమ్మని కంపెనీ ప్రతిభనూ జితేంద్రనూ టర్కీలోని ఎర్జురుంకు పంపింది. కొండల మీది పాత ఊరది. ఆదివారం, ఒట్టోమన్ సుల్తానుల కాలంలో వర్తకుల కోసం కట్టిన రాతి సత్రం చూడబోయినారు. దారంతా మంచు. ప్రతిభ బూట్ల గుర్తుల వెనకే, మనిషి కనబడకుండా, వట్టి పాదాల గుర్తులు పడుతూ వచ్చినాయి. మడమల పగుళ్లు కూడా మంచులో అచ్చుపడినాయి. దారిన పోయేవాళ్లు వాటిని తొక్కకుండా పక్కకు తొలిగి నడిచినారు.

సత్రంలో టీ అంగడి ముసలాయన మూడు గ్లాసులు పెట్టినాడు. ఇద్దరమేనని ప్రతిభ వేళ్లు చూపించింది. గుమ్మం దాకా వచ్చిన పాదాలు అక్కడే ఆగిపోయినాయి. ముసలాయన మూడో గ్లాసు తీసుకుపోయి, ఆ పాదాల ముందు మంచులో పెట్టి వచ్చినాడు.

ప్రతిభ తల ఎత్తలేకపోయింది. అంత చలిలోనూ చెవులు కాలిపోతున్నాయి.

“మీ కోసం ఎవరో వచ్చినట్టున్నారు,” అన్నాడు జితేంద్ర.

“మా యమ్మ. చచ్చిపోలేదు. మన క్యాంటీన్లో గిన్నెలు తోమే అంజనమ్మే మా యమ్మ. చెప్పుకోను సిగ్గయి నేనే చంపేసినాను.”

జితేంద్ర టీ గ్లాసు పక్కకు జరిపినాడు. గిన్నెలు తోమడం తనకు చిన్నతనంగా తోచలేదనీ, బతికున్న తల్లిని పోయిందని చెప్పగలిగిన మనిషంటేనే భయంగా ఉందనీ మెల్లగా చెప్పి, ఒక్కడే హోటలుకు వెళ్లిపోయినాడు. ఆ పెళ్లి మాట మళ్లీ రాలేదు.

ప్రతిభ బయటికి వచ్చింది. మంచులో గ్లాసు ఖాళీగా ఉంది. పాదాల పక్కనే నిలబడి ఇంటికి ఫోన్ చేసి, కాళ్లు చల్లగా ఉన్నాయా అని తల్లిని అడిగింది.

“కొంచెం జిల్లుమంటా ఉంది,” అనింది అంజనమ్మ. “టీ తాగినాక పర్వాలేదు. నువ్వు శానా బిరబిరా నడస్తావమ్మా. నాకు అందుకోను కాలేదు.”

ప్రతిభ ఫోన్ చెవికి ఆనించుకుని, ఒక్కో అడుగూ ఆగి ఆగి వేస్తూ, సత్రమంతా తల్లికి చూపించింది.