వాగుకు అవతల

ఒంటికంటే మీసాలు పొడుగ్గా ఉండే ఆ పెంకుపురుగును దాసప్ప చిన్నప్పటినుంచీ ఎరుగును. డెంకణికోట అడవిలో, వాగుకు ఇవతలి గట్టున, ఎండిన జాలారి మాను బెరడు కింద ఉంటుంది. దానికోసం హోసూరు నుంచి మనిషి వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

రెండేళ్ల కిందట భరణి వచ్చింది. ఏ పురుగు ఏ చోట బతుకుతుందో రాసుకునే ఉద్యోగం ఆ పిల్లది. దాసప్ప ఒకదాన్ని అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చిచ్చాడు. యాడ దొరికిందని అడిగింది. పక్కనే ఫారెస్టు గార్డు ఏళుమలై. ఇవతలి గట్టున మేకల్ని తోలితే కేసు. అవతల ఊరిదారి, ఎవరైనా పోవచ్చు. ముప్పై మేకల్ని అక్కడే దొంగచాటుగా మేపుకునేవాడికి గార్డు ఎదురుగా నిజం నోటికొస్తుందా? చెయ్యెత్తి వాగు అవతలికి చూపించాడు. భరణి రెండు గట్లూ వెతికింది. అది వానలకు ముందు పదిరోజులే బయటికొచ్చే పురుగు, అదను దాటిపోయింది. చివరికి మ్యాపులో దాసప్ప మాటే మిగిలింది.

ఈ ఏడు కరెంటు లైను వచ్చింది. మ్యాపు చూసి, పురుగున్న గట్టును వదిలేసి, లేని గట్టున చెట్లు కొట్టమన్నారట. ఆ మాట దాసప్పకు తెలిసేసరికి రంపాలు ఇవతలే మోగుతున్నాయి. మేతలేక మేకల్ని అమ్మేశాడు. ఆ నోట్లో మన్ను పొయ్య అని తనను తాను తిట్టుకుందామన్నా మనసు కదల్లేదు. ఏడుపూ రాలేదు. రోజూ ఆ గట్టుకే వచ్చి, కొట్టేసిన ఒక మొద్దు మీద ఊరికే కూర్చుంటున్నాడు.

భరణి మళ్లీ వచ్చిన రోజు, ఆ మొద్దు బెరడులోంచే ఒక పురుగు పాకి ఆయన తువ్వాలు మీదికెక్కింది. పిల్ల ముఖం వెలిగిపోయింది. వాగు దాటి ఎగిరొచ్చిందేమో, మ్యాపులో కొత్త చుక్క పెట్టొచ్చంటూ కాగితం తీసింది. ఏళుమలై కూడా వచ్చి నిలబడ్డాడు. దాసప్ప అతని వైపు చూశాడు. భయం కోసం వెతికాడు, అదీ లేదు.

"ఎగిరి రాలేదమ్మా. అప్పుడు నీకిచ్చింది కూడా ఈడనే దొరికినాది."

భరణి చెయ్యి ఆగిపోయింది. "మరి అట్ల ఎందుకు చెప్పినావు తాతా?"

"మేకలుండె గదమ్మా అప్పుడు."

ఏళుమలై తల దించుకున్నాడు. భరణి, కాగితంలో ఆ గడి ఉంది కాబట్టి, అప్పటిది ఏ మానులో దొరికిందని మెల్లగా అడిగింది.

దాసప్ప లేచి, తాను కూర్చున్న మొద్దును చూపించాడు.