వెనక్కి విసిరిన బియ్యం

చివరి గంజును బూడిదతో రుద్ది, రెండు చెంబుల నీళ్లు గుమ్మరించి బోర్లించింది చిలుకమ్మ. లేవబోతే మోకాళ్లు పట్టేశాయి. బావి గట్టు మీద చెయ్యి ఆనించి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా నిలబడింది. అరవైకి దగ్గరపడిన మనిషి. సన్నగా, నల్లగా, వేళ్ల సందులన్నీ నీళ్లకు ఒరిసి తెల్లబడి ఉంటాయి.

"చిలుకమ్మా, జల్ది రా! షురువైంది" అని ముందుగదిలోంచి ఇంటావిడ వరలక్ష్మి కేక వేసింది.

హనుమకొండ బజారులో బట్టల దుకాణం వాళ్ల ఇల్లది. ఆ వాడకట్టుకు ఒక్కటే టీవీ. ఆదివారం పొద్దున హిందీ సీరియల్ మొదలయ్యే వేళకు చుట్టుపక్కల ఆడవాళ్లంతా వచ్చి చాపల మీద సర్దుకుంటారు. ఢిల్లీలో ఒక పంజాబీ కుటుంబం కథ. నవ్వించినంత సేపు నవ్వించి చివర్లో కళ్లు తుడుచుకునేలా చేస్తారు. బొమ్మ అందరికీ కనిపిస్తుంది గానీ, ఎందుకు నవ్వాలో, ఎందుకు ఏడవాలో మాత్రం చిలుకమ్మే చెప్పాలి. బొంబాయిలో ఒక పంజాబీ ఇంట్లో పదిహేడేళ్లు పని చేసి వచ్చిందామె. చిన్న కూతుర్ని ఊళ్లో తన తల్లి దగ్గర విడిచి, భర్త ఉప్పలయ్య వెంట మేడలు కట్టే కూలికి పోయింది. అతను జ్వరంతో పోయాక ఆ ఇంట్లో కుదిరి, వాళ్ల పసిబిడ్డ పమ్మీని పెంచింది.

అయితే మూడు వారాలుగా సంగతి మారింది. మేడ మీద గదిలోకి హిందీ పండిత్ భాస్కర్ కిరాయికి దిగాడు. కుర్చీలో కూర్చుని, మాట మాటకూ తెలుగు చెప్తున్నాడు. ఆడవాళ్ల తలలన్నీ అటు తిరిగాయి. చిలుకమ్మ ఎప్పటిలాగే తన ఆకువక్కల సంచి కిటికీ గూట్లో పెట్టి, తలుపు దగ్గర కూర్చుని, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ ఊరుకుంది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. అడగడం మానేశారు, అంతే.

ఆ రోజు సీరియల్లో పెళ్లి. పెళ్లికొడుకు పీటల మీంచి లేచి కాళ్ల దగ్గర వెతుక్కుంటున్నాడు.

"బూట్లు దొంగతనమైనయట" అన్నాడు భాస్కర్.

"అయ్యో పాపం!" అన్నారు ఆడవాళ్లు. టీవీలో అందరూ పగలబడి నవ్వుతున్నారు. "బూట్లు పోతె గట్ల నవ్వుతాండ్రేంది సారు?"

భాస్కర్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "అదే అర్థమైతలేదు. మాటలైతే గవే."

చిలుకమ్మ ఆపుకోలేకపోయింది. "దొంగలు గాదమ్మా, మరదండ్లు దాసిండ్రు. పైసలిస్తెనే ఇస్తరు. మన దిక్కు కొత్త కోడలు గడప తొక్కుతాంటె ఆడిబిడ్డ అడ్డం నిలవడి మొగని పేరు చెప్పుమంటది సూడు, గసొంటిదే."

గదంతా నవ్వులు. భాస్కర్ కూడా నవ్వాడు. "నాకు పుస్తకంల రాలే గిది" అని కుర్చీ కొంచెం ఆమె వైపు తిప్పుకున్నాడు.

తర్వాత అప్పగింతలు. పెళ్లికూతురు గడప దాటుతూ, వెనక్కి తిరగకుండానే, దోసిళ్లతో బియ్యం తల మీదుగా వెనక్కి విసిరింది. వెనక తల్లి కొంగు పట్టింది. చాపల మీద గుసగుసలు లేచాయి. "పోయేటప్పుడు బియ్యం ఎన్కకు పారేసుడేందే? లక్ష్మి గదా!"

"పారేసుడు గాదు. ఇన్నేండ్లు మీ బువ్వ తిన్న, నేను పోయినా మీ ఇల్లు నిండుగుండాలె అని." అన్నది చిలుకమ్మ. "మా పమ్మీ పెండ్లప్పుడు నేను దూరం నిలవడ్డ. అమ్మగారు చెయ్యి పట్టి గుంజింది. నువ్వు గూడ పెంచినవ్, నీ కొంగు గూడ పట్టు అన్నది. నా కొంగుల గిన్నే పడ్డయి." పిడికిలి తెరిచి చూపింది.

వరలక్ష్మి ముక్కు చీదింది. "నీ బిడ్డ పెండ్లప్పుడు మస్తు ఏడ్సి ఉంటవే."

"నేను లేకుంటి అమ్మా. పమ్మీకి టైఫాయిడ్. ఇడిసిపెట్టి ఎట్ల వత్తు?"

టీవీలో పాట మొదలైంది. చిలుకమ్మ లేచి చీపురు తీసుకుంది.

చాపలు చుట్టింది, వసారా ఊడ్చింది, వరలక్ష్మి పెట్టిన అన్నం బావి దగ్గర కూర్చుని తిన్నది. "వచ్చే వారం ముందుగాల్నే రా, నా పక్కన కూసో" అన్నది వరలక్ష్మి. చిలుకమ్మ తలూపింది. ఎండలో నడిచి తన గదికి చేరి, చాప వేసుకుని పడుకుంది. దీపాలు పెట్టే వేళకు పక్కింటి బక్కమ్మ నిప్పు అడగడానికి వచ్చి రెండుసార్లు పిలిచింది. మూడోసారి దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

పదకొండో రోజు అయ్యాక, ఆదివారం నాడు, కూతురు సారలమ్మ వరలక్ష్మి ఇంటికి వచ్చింది. పరకాల దగ్గర వ్యవసాయం వాళ్లది. ముప్పై అయిదేళ్లుంటాయి, అచ్చం తల్లి నుదురు. సీరియల్ నడుస్తోంది. లోపలికి రమ్మన్నా రాకుండా తలుపు దగ్గరే కూర్చుంది.

"మీ అమ్మ గూడ గాడనే కూసుండేది" అన్నది వరలక్ష్మి. "హిందీ మాటలన్ని మాకు ఇడమర్చి చెప్పేది."

సారలమ్మ తలెత్తింది. "మా అమ్మకు హిందీ అస్తదా?"

భాస్కర్ లేచి టీవీ గొంతు తగ్గించాడు.

"నీ పెండ్లికి రాలేకపోయిన అని చెప్పిందమ్మా మొన్న" అన్నది వరలక్ష్మి.

"వచ్చింది" అన్నది సారలమ్మ. "మూడో దినం వచ్చింది. మా అత్తగారింటి దాక నడుసుకుంట వచ్చి దర్వాజకాడ నిలవడ్డది. నేనే మొకం తిప్పుకున్న. జరసేపు సూసి పోయింది. గప్పటి సంది ఎన్నిసార్లు వచ్చినా, తిన్నవా అంటె తిన్న అంటుంటి. గంతే."

వరలక్ష్మి లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. సారలమ్మ గ్లాసు పట్టుకుని టీవీ వైపు చూసింది. తెర మీద కొత్త కోడలు ఏదో అంటోంది, ముసలాయన నవ్వుతున్నాడు.

"ఏమంటాందమ్మా గాపిల్ల?" అని అడిగింది.

"మాటలైతే చెప్త గని, మీ అమ్మ చెప్పినట్టు రాదు" అన్నాడు భాస్కర్. కాసేపటికి సారలమ్మ దండం పెట్టి, బస్సు వేళైందని వెళ్లిపోయింది.

ఆమె కూర్చున్న చోటికి పైన, కిటికీ గూట్లో, చిలుకమ్మ ఆకువక్కల సంచి అలాగే ఉంది; మూతి ముడి వెయ్యలేదు, లోపల సగం తుంచిన తమలపాకు అంచులు ఎండి లోపలికి ముడుచుకుపోయింది.