యుద్ధానికి ఐదు కారణాలు

రామతులసి మీద నాకు కుళ్ళు. ఆటోనగర్ పక్కనున్న ఈ ప్రైవేటు స్కూల్లో పందొమ్మిదేళ్ళుగా సోషల్ చెబుతున్నాను. ఆమె వచ్చి ఏడు నెలలు. మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు ఐదు. నేను చెబుతూ పోతాను, తొమ్మిదో తరగతి ‘ఏ’ సెక్షన్ రాసుకుంటూ పోతుంది, ప్రతి పాయింటు కిందా గీత కొడుతుంది. ప్రశ్న ఎలా తిప్పి అడిగినా అవే ఐదు.

పక్కగదిలో బీ సెక్షన్ ఆమెది. బందరు దగ్గర చేపలు పట్టేవాళ్ళింటి పిల్ల. పాఠం చెప్పదు, పంచాయితీ పెడుతుంది. పిల్లలకి తలా ఒక దేశం అప్పగించి, ఆస్ట్రియా యువరాజుని చంపేశారు, ఇప్పుడు నువ్వేం చేస్తావని అడుగుతుంది. వెనక్కి తగ్గితే నా పరువేం కావాలని ఒకడు, వాడు సైన్యాన్ని కదిపితే నేనూరుకుంటానా అని ఇంకొకతె. ఆ గోలకి నా క్లాసు పిల్లలు కూడా చెవులు గోడకి అప్పగించేవారు. ఇంటర్వెల్లో అందరూ ఆమె చుట్టూనే. నా దగ్గరికొచ్చేది నోట్సు దిద్దించుకోడానికి. నాకు ఒళ్ళు మండిపోయేది.

వచ్చే ఏడు పదో తరగతి సోషల్ మా ఇద్దరిలో ఒకరికే. ఎవరికో తేల్చడానికి ప్రిన్సిపాల్ జానకిరామ్ గారు క్లాసులు చూస్తానన్నారు. తనిఖీ అంటే మా స్కూల్లో ఒక పద్ధతుంది. జవాబు వచ్చినవాళ్ళు కుడిచెయ్యి ఎత్తాలి, రానివాళ్ళు ఎడమచెయ్యి. చూసేవారికి అన్ని చేతులూ లేచి కనిపిస్తాయి. టీచరు మాత్రం కుడిచేతులవాళ్ళనే లేపుతుంది. తనిఖీకి ముందు పిల్లలకి టీచరే చెప్పిపెట్టుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి సీనియర్లు ఈ సంగతి చెప్పడం ఆనవాయితీ. ముందురోజు రామతులసి స్టాఫ్‌రూమ్‌లో నా పక్కన కూర్చుని, "రేపు ఏమైనా స్పెషల్‌గా చెయ్యాలాండీ, మేడమ్?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. రోజూ చెప్పినట్టే చెప్పు," అన్నాను.

మర్నాడు నా క్లాసులో నలభై చేతులు లేచాయి. నేను లేపినవాళ్ళు ఐదు కారణాలూ గడగడా అప్పజెప్పారు. తర్వాత ప్రిన్సిపాల్ గారు బీ సెక్షన్‌కి వెళ్ళి, యుద్ధానికి కారణం ఎవరని అడిగారు. ఒక్క చెయ్యీ లేవలేదు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుని ఆలోచనలో పడ్డారు. చివరికి ప్రత్యూష అనే పిల్ల లేచి, ఒక్కరని చెప్పలేమండీ, ఆపగలిగినవాళ్ళు కూడా ఆపలేదు అంది. ఆయన దృష్టిలో అది జవాబు రానట్టే లెక్క. మార్కులు తెచ్చే జవాబు కావాలి గాని కబుర్లు కాదని పిల్లల ముందే రామతులసిని కసిరారు. గుమ్మం పక్కన నిలబడి విన్నాను. నాకు సంతోషంగానే ఉంది.

సోమవారం నుంచే బీ సెక్షన్ కూడా నాకిచ్చేసి, ఆమెని ఆరో తరగతికి పంపారు. వెళ్తూ వెళ్తూ నాకు అభినందనలు చెప్పింది. ఆ మాటలో కల్లాకపటం లేదు. అది ఇంకా మంట.

బీ సెక్షన్‌లో ఐదు కారణాలూ చెప్పాను. తలలు వంచుకుని రాసుకున్నారు, గీతలు కొట్టారు. ఎవరూ కిక్కురుమనలేదు. నాకు ఆ గోల కావాలి. ఇన్నాళ్ళూ నేను ఏడ్చింది దాన్ని చూసే. నువ్వే ఆస్ట్రియా అయితే యువరాజు పోయిన రోజున ఏం చేసేదానివని ప్రత్యూషని అడిగాను. నా గొంతు బతిమాలుతున్నట్టు నాకే వినిపించింది.

ఆ పిల్ల లేచి, పెన్నుకి మూత పెట్టి, వినయంగా నిలబడింది.

"ఇది ఎన్ని మార్కులకి వస్తుందండీ, మేడమ్?"