గెస్టుల వరుస

తెల్ల కుర్తాను ఇస్త్రీ చేస్తూ అలేఖ్య ఇంకొక్కసారి అడిగి చూసింది. "ఇయ్యాలో రేపో నాకు డేట్ ఉంది. లేచిన కాడికెల్లి నడుం గుంజుతాంది. నీలం చుడీదార్ ఏసుకుంట."

శ్రీహరి ఫోన్‌లోంచి తలెత్తలేదు. "భాగ్యజ్యోతి మేడం గ్రూపుల ఏం పెట్టింది? అందరు తెల్లబట్టలే ఏసుకోవాలె, ఫోటోలు మంచిగొస్తయని. జీఎం భార్య అంత మోజుగ చెప్తే నువ్వొక్కదానివి నీలంల వస్తవా? నీకెప్పుడు జూసినా గదే గోల."

గోల. నెలనెలా వచ్చేదానికి ఆ ఇంట్లో అదే పేరు. ఆ రోజుల్లో పూజగది గడప దాటకూడదు, పచ్చడి జాడీ ముట్టకూడదు, అత్తగారి మంచం అంచున కూడా కూర్చోకూడదు. కానీ పొద్దున్నే లేచి చాయ్ పెట్టొచ్చు, రొట్టెలు చేయొచ్చు, శ్రీహరికి డబ్బా కట్టొచ్చు, గిన్నెలన్నీ తోమొచ్చు. "వంటకేం పట్టింపు లేదు తియ్యి, మేమేమన్న పాతకాలపోళ్లమా" అనేది అత్తగారు, వరమేదో ఇచ్చినట్టు. మొదట్లో అలేఖ్యకు నవ్వొచ్చేది. తర్వాత ఆ నవ్వూ పోయింది. ప్యాడ్ల ప్యాకెట్టు చీరల అడుగున దాచడం, వాడినదాన్ని పాత పేపర్లో చుట్టి మళ్లీ నల్ల కవర్లో చుట్టి పారేయడం, నడుం విరిగిపోతున్నా మొహం మామూలుగా పెట్టుకోవడం, ఇవన్నీ ఎంత అలవాటయ్యాయంటే ఇప్పుడది సిగ్గని కూడా అనిపించదు. శుభ్రత అనిపిస్తుంది.

పెళ్లయిన కొత్తలో ఆమె సంగారెడ్డి దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేది. శ్రీహరికి బీదర్‌లో, నౌబాద్ ఫ్యాక్టరీలో మేనేజర్ ఉద్యోగం వచ్చినప్పుడు "నీకు కన్నడం రాదు, అక్కడ నీకేం నౌకరి దొరుకుతది, జర ఇంటిపట్టున ఉండు" అన్నాడు. ఇప్పుడు ఎవరికి పరిచయం చేసినా "మా మిసెస్. ఇంట్లనే, ఖాళీ" అంటాడు. ఆ ఖాళీ మనిషే నిన్నంతా కూర్చుని, జీఎం గారి కుటుంబానికి వేరే, మిగతావాళ్లకు వేరే తీపి గరిజెలు చేసి డబ్బాల్లో సర్దింది. ఇప్పుడు నీలం చుడీదార్‌ను మళ్లీ బీరువాలో పెట్టేసి తెల్లది తొడుక్కుంది. బ్యాగులో ఒక ప్యాడ్ మాత్రం వేసుకుంది.

హుమ్నాబాద్ దాటాక నిర్ణా వైపు పోయే దారిలో ఉంది ఆ ద్రాక్షతోట. తోట వెనకే చిన్న వైనరీ. కోతల కాలంలో ఆదివారాలు, వచ్చిన అతిథుల చేతికి కత్తెరలిచ్చి కాసేపు కోయనిస్తారు. తర్వాత పందిరి కింద భోజనం, వైన్ రుచి చూడడం. జీఎం శంకరప్ప గారు, ఆయన భార్య భాగ్యజ్యోతి, ఫ్యాక్టరీకి చెందిన ఇంకొన్ని జంటలు, అందరూ తెల్లబట్టల్లో మెరుస్తూ దిగారు. సంజు అనే తోట మేనేజరు గడ్డిటోపీలు పంచి కోత ఎలాగో చూపించాడు. గుత్తిని అరచేతిలో ఆనించుకోవాలి, పండ్లను నొక్కకూడదు, తొడిమ దగ్గర కత్తిరించాలి. "ఈ మొదటి వరుస గెస్టులకనే ఆపినం మేడం. పొద్దటి సంది లేబర్‌ను ఇటు రానియ్యలే" అన్నాడు గొప్పగా.

అందరూ గుత్తులను బుగ్గలకు ఆనించుకుని ఫోటోలు దిగుతుంటే అలేఖ్య కోసుకుంటూ ముందుకు పోయింది. తినే ద్రాక్ష కాదది. చిన్న పండు, మందమైన తోలు, నలుపుకు దగ్గరి ఊదారంగు. ఆకుల కింద చల్లగా ఉంది. గుత్తి తెగి బరువుగా చేతిలోకి జారినప్పుడల్లా ఆమెకు చిన్న సంతోషం. ఈ పని ఎవరి డబ్బాలోకీ పోదు. ఉప్పు తక్కువైందని ఎవరూ వంక పెట్టరు. పనిలో పడి ఎంత దూరం వచ్చిందో చూసుకోలేదు, నడుం నొప్పి పొత్తికడుపులోకి ఎప్పుడు దిగిందో కూడా చూసుకోలేదు.

"అక్కా" అని పక్క వరుసలోంచి ఎవరో మెల్లగా పిలిచారు. "జర ఆగు. మొగోళ్ల దిక్కు ఈపు పెట్టకు."

చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కున్న ఒకామె తీగల కింద నుంచి వంగి ఇవతలికి వచ్చింది. అలేఖ్య వయసే ఉంటుంది. కళ్లతోనే కుర్తా వెనక చూపించింది. అలేఖ్య చేయి వెనక్కి పోయింది. తడి తగిలింది. ఎంతసేపటి నుంచి? ఎవరెవరు చూశారు? ఫోటోల్లో పడిందా?

"ఏం కాదు, ఆడోళ్లకు అయ్యేదే గదా" అంటూ ఆమె తన చొక్కా విప్పి అలేఖ్య నడుముకు చుట్టి, దాని చేతులు రెండూ ముందుకు తెచ్చి ముడేసింది. "నా పేరు మహానంద. నిర్ణాల ఉంటం, తల్లిగారిల్లు సంగారెడ్డి దిక్కు. నువ్వు నడువు, నీ ఎన్క నేనొస్త."

భోజనాల పందిరి పక్కనే ఉంది గెస్టుల బాత్రూం. తెల్లటి టైల్స్, పెద్ద అద్దం, సబ్బు వాసన. మహానంద గడప బయటే ఆగిపోయింది. "మేం లోపల్కి రావద్దక్కా."

"నేనున్న గదా. రా" అని చేయి పట్టి లోపలికి లాగింది అలేఖ్యే.

బ్యాగులోని ప్యాడ్ పెట్టుకుని, కుర్తా విప్పి ఇచ్చి చున్నీ కప్పుకుని నిలబడితే, మహానంద కుళాయి కింద మరకను వేళ్లతో రుద్దింది. తన మరకను ఇంకో మనిషి చేతుల్లో చూడడం అలేఖ్యకు అదే మొదటిసారి. "ఇడువు, నేను కడుక్కుంట" అంది. మహానంద విననట్టే రుద్దుతూ ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అలేఖ్య అడిగింది. "మరి మీరు ఎటు పోతరు?"

"వాగు దిక్కు. ఇప్పుడు ఆడ చెట్ల ఆకంత రాలిపాయె, మనిషి కూసుంటే కనవడ్తది. గందుకే పనికొచ్చినంక నీళ్లు తాగం." మహానంద కుర్తా పిండింది. "నాకైతే ఈ గోల లేదు. చెరుకు కోతకు పోయేటప్పుడే గర్భసంచి తీపిచ్చుకున్న. నెలనెల నాగా పెడితే పనికి తీస్కపోయెటోడు ఊకోడు గదా. ముప్పయేండ్లు గూడ లేవప్పుడు."

అదే మాట, గోల. శ్రీహరి నోట విన్నప్పుడు ఎప్పుడూ ఇంత బరువుగా లేదు. అలేఖ్య తడి కుర్తా అందుకుని వేసుకుంది. చొక్కాను మళ్లీ నడుముకు కట్టుకుంది.

బయట ఎవరో తలుపు తట్టారు. గడియ తీసి ముందు మహానంద బయటికి వెళ్లింది. ఎదురుగా సంజు. ఆమెను చూడగానే కన్నడంలో అరవడం మొదలుపెట్టాడు. అలేఖ్యకు కన్నడం అరకొరగానే వచ్చు. అయినా అర్థమైంది. నిన్నెవరు లోపలికి రమ్మన్నారు, మీరొచ్చి పాడు చేస్తే గెస్టులెలా వస్తారు, రేపటి నుంచి పనిలోకి రాకు. పందిరి కింద కుర్చీల్లోంచి అందరూ ఇటే చూస్తున్నారు. మహానంద వెనక్కి తిరిగి అలేఖ్య మొహంలోకి చూసింది. బతిమాలుతున్నట్టు కాదు, ఇప్పుడు చెబుతుంది కదా అన్నట్టు. ఒక్క వాక్యం చాలు, నేనే పిలిచానని. కానీ ఎందుకు పిలిచావని అడుగుతారు. శంకరప్ప గారు వింటారు, ఆ మగవాళ్లందరూ వింటారు. తనకు కన్నడం రాదు కదా, ఏం జరుగుతోందో తెలియనట్టు నిలబడొచ్చు. అలాగే నిలబడింది.

"ఏమైంది?" అంటూ శ్రీహరి వచ్చాడు.

"ఏం లేదు" అంది.

మహానంద తల దించుకుని వైనరీ వెనక్కి వెళ్లిపోయింది. శ్రీహరి ఆ చొక్కా చూశాడు, తడిసిన కుర్తా చూశాడు. అర్థమైంది. గొంతు తగ్గించి, పళ్ల మధ్య నుంచి అన్నాడు. "ఇజ్జత్ తీసినవ్. పోయి కార్ల కూసో. నీకు తలకాయ నొస్తాందని చెప్త."

కారులో వేడి. నడుముకున్న చొక్కా నుంచి చెమట వాసన, ఆకు పసరు వాసన. బడిలో ఒకసారి ఇలాగే అయితే, పిల్లలందరూ వెళ్లిపోయేదాకా బెంచీ మీంచి లేవకుండా కూర్చున్న సాయంత్రం గుర్తొచ్చింది. ఆ సిగ్గు తనది కాదు. అమ్మ నేర్పింది, అత్తగారు గట్టిపరిచింది, శ్రీహరి రోజూ వాడే పేరు పెట్టాడు. కానీ ఇందాక ఏం లేదు అన్నప్పటి నుంచి ఉన్న ఈ సిగ్గు వేరే. దీన్ని ఎవరూ నేర్పలేదు. ఇది అచ్చంగా తను చేసుకున్నది. ఏ నల్ల కవర్లోనూ చుట్టి పారేయడం కుదరదు. మహానంద మరకను వేళ్లతో రుద్దింది, మొహం చిట్లించుకోకుండా. తను ఆమె కోసం పెదవి కదపలేదు.

తలుపు తీసుకుని దిగింది. పందిరి కింద గ్లాసుల్లో వైన్ పోసి సంజు ఏదో వివరిస్తున్నాడు. అలేఖ్య బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. అందరికీ అర్థం కావాలని హిందీలో చెప్పింది. "సంజూ, ఆమెను లోపలికి తీసుకెళ్లింది నేను. నాకు నెలసరి వచ్చి బట్టలు పాడయ్యాయి. ఆమె రానంటే నేనే చేయి పట్టి లాక్కెళ్లాను. నా బట్టలు ఆమె ఉతికింది. తిడితే నన్ను తిట్టాలి."

ప్లేట్ల చప్పుడు ఆగింది. శంకరప్ప గారు గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు. శ్రీహరి చెవులు ఎర్రబడ్డాయి. చివరికి భాగ్యజ్యోతే సంజుతో "ఆమెను తీసెయ్యకండి" అని, వెంటనే "సరే, చల్లారిపోతుంది, భోంచేద్దాం" అంది. సంజు అలాగేనని తలాడించాడు. అంతే. ఇంత తేలిక పనే తను చేయలేకపోయిందని అలేఖ్యకు ఇంకా సిగ్గేసింది.

వైనరీ వెనక క్రేట్ల నీడలో ఆడవాళ్లు రొట్టెలు తింటున్నారు. అలేఖ్య వెళ్లి మహానంద ఎదురుగా కూర్చుంది. చొక్కా విప్పి ఇచ్చింది. "పని పోదు. అందరి ముందట చెప్పిన నేను."

"మంచిదక్కా." మహానంద రొట్టె తుంచింది. నోట్లో పెట్టుకోలేదు. "అప్పుడే ఎందుకు చెప్పలే?"

"సిగ్గయింది."

మహానంద తలెత్తింది. ఆ చూపులో కోపం లేదు. "అంతమంది ముందట తిట్లు పడితే నాకు కాదా?"

అలేఖ్య మాఫ్ చెయ్యమని అడగబోయి ఆగింది. ఆమె దగ్గర తీసుకున్నది చాలు, ఇంకా అది కూడా అడగడమెందుకు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. అంతలో శ్రీహరి వైనరీ గోడ మూల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నడు పోదాం. లేకుంటే అమ్మ ఉపాసముంటది, పోయి వండాలె నువ్వు."

"మీరు పొండ్రి. నేను బస్సుకొస్త."

"నీకేం పనున్నది ఈడ?"

అలేఖ్య లేచింది. అతనికి కాదు, కూర్చున్నవాళ్లకు చెప్పింది. "గెస్టుల బాత్రూం తెరిచే ఉన్నది. అందరు రాండ్రి. తలుపు కాడ నేను నిలవడ్త."

ఎవరూ కదల్లేదు. మహానంద తల వంచుకుని తినసాగింది. కాసేపటికి ఒక ముసలామె చేతులు చీరకు తుడుచుకుని, మోకాళ్లు పట్టుకుని లేచింది. అలేఖ్య ఆమెతో పాటు పందిరి ముందు నుంచే నడిచింది. సంజు సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. కారు హారన్ మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. అలేఖ్య బాత్రూం తలుపు బార్లా తెరిచి పట్టుకుంది. ముసలామె గడప మీద చెప్పులు విడిచి, లోపలికి పోవాలో వద్దో తెలియక ఆమె మొహంలోకి చూసింది.

"తొందరేం లేదవ్వా" అంది అలేఖ్య. "నిమ్మలంగ పోయిరా."