ఏడుపు మొహం

దాలమ్మ మూడో మరుగుదొడ్డి కడిగి, మోకాలిమీద చెయ్యి ఆన్చి లేచేసరికి, బయట గోడమీది పెట్టె మళ్ళీ ఏడ్చింది.

“ఏడవ్వే, ఏడు,” అంది దాలమ్మ చీపురు దులుపుతూ.

శ్రీకాకుళంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రి రెండో అంతస్తులో, ఆడవాళ్ళ మరుగుదొడ్ల ద్వారం పక్కన, వేసవికి ముందే ఆ తెర బిగించారు. శుభ్రత ఎలా ఉందో జనం చెప్పడానికట. నోరు విప్పక్కర్లేదు, మూడు గుండ్రటి మొహాల్లో ఒకదాన్ని వేలితో తాకితే చాలు. ఆకుపచ్చది నవ్వుతుంది, పసుపుది ఊరుకుంటుంది, ఎర్రది ఏడుస్తుంది. నవ్వే మొహాన్ని తాకితే ‘ధన్యవాదాలు’ అని అక్షరాలు వచ్చి పోతాయి, అంతే. ఎర్రదాన్ని తాకితే మాత్రం పెదవి వణుకుతుంది, బుగ్గలు ఉబ్బుతాయి, గోలీల్లాంటి రెండు నీలం బొట్లు జారి తెర అడుగున చిట్లుతాయి. పిల్లికూన మూలిగినట్టు చప్పుడు కూడా. చేసినవాడెవడో తన పనితనమంతా ఏడుపులోనే పెట్టాడు.

దాలమ్మ తలుపు సందులోంచి చూసింది. స్కానింగ్‌కు వచ్చిన ఒకావిడ ఎర్ర మొహాన్ని మూడుసార్లు నొక్కి భర్తను పిలిచింది.

“ఇటు రండి, సూడండి, ఎంత ముద్దుగా ఏడుస్తందో!”

ఆయన కళ్ళజోడు సవరించుకుని మరో రెండుసార్లు ఏడిపించాడు. ఇద్దరూ లోపల అడుగైనా పెట్టలేదు. దాలమ్మకు నోట్లో ఉమ్మి ఊరింది. తాను కడిగిన నేల కాబట్టి మింగేసింది.

భావనపాడు నుంచి ఇరవయ్యారేళ్ళు తలమీద చేపల తట్ట మోసిందామె. కొనేవాళ్ళు మొప్ప ఎత్తి, వాసన చూసి, కుళ్ళిపోయిందని మొహానే అనేవారు. ఆమె రెండింతలు అనేది. తగువు తీరాక వాళ్ళే కొనేవారు. మెడ నరాలు పట్టేశాక అరసవల్లిలో గది తీసుకుని ఈ పనికొచ్చింది. ఇక్కడా అదే ముక్కు. మూల మూలా వంగి వాసన చూసుకుంటే గాని కడగడం అయిందనుకోదు.

పదకొండింటికి కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజరు ఉమాశంకర్ వచ్చాడు. చేతిలో ఫోను.

“దాలమ్మా, ఈ నెల మూడొందల పన్నెండు ఏడుపులు. కింద అంతస్తు కడిగే బుల్లమ్మ మీద ఒక్కటీ లేదు.”

“బుల్లమ్మ కాడ ఆ పెట్టే లేదు గదా బాబూ.”

అతను తడబడి ఫోను చూపించాడు. దాలమ్మ పేరు పక్కన చిన్న ఎర్ర మొహం. “హైదరాబాదులో సార్లు ఇదే సూస్తారు.”

“ఓపాలి నొక్కి సూడు.”

ఉమాశంకర్ నొక్కాడు. బొట్లు జారాయి. అతని పెదవి చివర చిన్న నవ్వు. తెలియకుండానే వేలు మళ్ళీ అక్కడికే వెళ్ళింది. సగంలో చెయ్యి లాక్కున్నాడు.

“సూసినావా? నీకే ఆగనేదు.”

“నాకు తెలుసమ్మా,” గొంతు తగ్గించాడు. “ఒక పని సెయ్యి. పొద్దున్నే నువ్వే ఆ నవ్వు మొహాన్ని ఓ యాభైసార్లు నొక్కీ. మిగతా ఆసుపత్రుల్లో అందరూ అదే సేస్తన్నారు.”

మంచికే చెప్పాడు. అదే ఆమెకు ఒళ్ళు మండించింది. అతన్ని పైనుంచి కిందికి, గిట్టని బేరాన్ని చూసినట్టు చూసింది.

“సేపలమ్మినప్పుడు ముక్కుతో సూసి తిట్టీవోరు. ఆ తిట్లు పడ్డాను. ముక్కు నేని దీనికి మొక్కమంటే నా వల్ల కాదు.”

“మానేస్తావా ఏటి?”

“సాయంత్రం దాకా ఉంటాను. పని సగంలో ఒగ్గను.”

అతను ఇంకేదో అనబోయాడు. ఫోను మోగింది. తల దాంట్లోకి వంగిపోయింది.

నాలుగింటి వరకూ దాలమ్మ ఆరు దొడ్లూ కడిగింది. కుళాయి మొదట్లో పేరుకున్న పచ్చ మరకను గోటితో గీకి తీసింది. అద్దం తుడిచింది. నీలం కోటు మడిచి నర్సుల గదిలో ఇచ్చి, జుట్టు ముడేసుకుని మెట్లు దిగింది. ఎండుచేపలైతే తట్ట మొయ్యక్కర్లేదు, కూర్చునే అమ్ముకోవచ్చు. భావనపాడు వైపు పోయే టెక్కలి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది.

మర్నాడు ఉమాశంకర్ కొత్తామెను వెంటబెట్టుకుని వచ్చి, ఎవరూ లేరని తెలిశాక తలుపు తోశాడు. కుళాయి కింద, దాలమ్మ పనిలో తొడుక్కునే, మడమల దగ్గర అరిగి చిల్లులు పడ్డ రబ్బరు చెప్పుల జత, శుభ్రంగా కడిగి, నీళ్ళు ఓడేలా గోడకు నిలబెట్టి ఉంది.