ఏటిమొగలో ఆరువందల మొక్కలు

ఆగస్టు పద్నాలుగో తేదీ మధ్యాహ్నం, కడియపులంకలో తమ నర్సరీలో పాపాయి జామ అంటుకి గుడ్డ చుడుతుండగా ఎదురింటి ఎస్టీడీ బూత్ నుంచి పిలుపొచ్చింది. కాకినాడ ఫోనట. మట్టి చేతులతోనే పరుగెత్తింది.

"బోటు ఇంకా కదల్లేదండీ," అన్నాడు అవతలి నుంచి బోటు నడిపే సరంగు పల్లంరాజు.

ఆ బోటు ఎనిమిదో తేదీనే బయల్దేరాలి. అండమాన్‌లో సరుకుల వ్యాపారం చేస్తున్న గణేష్‌బాబు ఈ ఊరివాడే. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళు నిండే రోజున అక్కడి బళ్ళలో పిల్లల చేత మామిడి మొక్కలు నాటిస్తారట. ఆరువందల అంట్లు పంపమని జూన్‌లో ఉత్తరం రాశాడు. కాకినాడ నుంచి ఆ దీవులకి బియ్యం, పెంకులు, ఉల్లిపాయలు వెళ్ళడం పాపాయి ఎరుగును. మొక్కలు వెళ్ళడం ఎప్పుడూ వినలేదు. ఒక్కో అంటూ తన చేత్తో కట్టి, ఒక్కో సంచీకీ రేకు బిళ్ళ మీద రకం పేరు రాసి పంపింది.

"ఎందుకాగిందండీ?"

"వాయుగుండమని రేవులో డేంజరు జెండా ఎగరేశారండి. ఈ పొద్దున్నే దింపారు. కాగితాల మీద సంతకం పెట్టాల్సిన ఆఫీసరుగారేమో పండగ మీటింగుకి ఎళ్ళిపోయారు. రేపు సెలవు. శనాదివారాలు ఆఫీసుండదు. సోమారం దాకా ఇంతేనండి."

"మొక్కలెలా ఉన్నాయి?"

"ఆకు చివర మాడుతోందండి."

భర్త చంద్రరావు అరుగు మీద కునుకు తీస్తున్నాడు. విషయం విని, "నువ్వెళ్ళి చేసేదేంటి పాపాయీ? గాలివానని నువ్వు ఆపావా, నేనాపానా?" అన్నాడు.

"ఇక్కడ కూర్చుని చేసేదేంటండీ?" అంటూ ఆమె అప్పటికే చీర మార్చుకుంటోంది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఆమె ఒకచోట కుదురుగా కూర్చోవడం ఆయన చూసింది అంటు కట్టేటప్పుడు మాత్రమే.

రామచంద్రపురం మీదుగా వెళ్ళే బస్సులో కాకినాడ చేరేసరికి పొద్దు వాలింది. రేవులో చెక్క బోటు మీద, పరదా నీడలో మొక్కలు వరసగా ఉన్నాయి. లేత ఆకులు అంచులంట ఎర్రగా కాలి ముడుచుకున్నాయి. పాపాయి సంచీలో వేలు పెట్టి మట్టి చూసింది. తడిగానే ఉంది. పక్కనే బోరింగు. అందులోంచి దోసెడు నీళ్ళు పట్టి నోట్లో పోసుకుని, ఉమ్మేసింది.

"ఈ నీళ్ళేనా పోసింది?"

"ఆయ్. రెండు పూటలా శ్రద్ధగా పోశామండి," అన్నాడు పల్లంరాజు. తరవాత ఆమె మొహం చూసి అతనికీ అర్థమైంది. ఉప్పునీళ్ళు. ఆరు రోజులుగా ఎంత శ్రద్ధగా పోస్తే అంత విషం.

ఆ రాత్రికి ఆమెని రేవు పక్క జాలరిపేట ఏటిమొగలోని తన ఇంటికి తీసుకెళ్ళాడు. పల్లంరాజు భార్య అచ్చాయమ్మ చేపల పులుసుతో అన్నం పెట్టింది. చేతికి మాత్రం నీళ్ళు కొలిచినట్టు పోసింది.

మర్నాడు తెల్లారగానే ఆఫీసరుని వెతుక్కుంటూ బయల్దేరింది. వీధి వీధినా రంగు కాగితాల తోరణాలు, మైకుల్లో పాటలు. పోర్టు ఆఫీసు ముందు జెండా ఎగరేశారు. జనగణమన అయ్యేదాకా కాళ్ళు నిలవకపోయినా కదలకుండా నిలబడింది. ఎవరో చేతిలో చాక్లెట్టు పెట్టారు. దాన్ని పిడికిట్లో పట్టుకునే ఆఫీసరు దగ్గరికి వెళ్ళి చెప్పుకుంది.

ఆయన చెడ్డవాడేం కాదు. మొత్తం విన్నాడు. "అమ్మా, సంతకం అంటే నా చెయ్యి ఉంది, పెడతాను. కానీ సీలు బీరువాలో ఉంది. బీరువా తాళం గుమాస్తా దగ్గరుంది. గుమాస్తా అత్తారింటికని పిఠాపురం వెళ్ళాడు. సీలు లేని కాగితంతో బోటు వదిలితే నా ఉద్యోగం పోతుంది. సోమవారం పదింటికి మొదటి సంతకం మీదే."

"ఈ పండగ కోసమే కదండీ మొక్కలు?"

పాపాయి ఏటిమొగకి తిరిగి నడిచింది. ఇవాళే, ఈ పొద్దుటే, సముద్రం అవతల పిల్లలు గోతులు తవ్వుకుని నిలబడి ఉంటారు. ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు మండింది. తిరిగి కడియపులంక మోసుకుపోదామంటే ఆరువందల సంచులకి పండగ పూట లారీ దొరకదు. దొరికినా ఆ కుదుపుకి అంట్లు ఊడతాయి.

"నీళ్ళుంటే బతుకుతాయా?" అంది అచ్చాయమ్మ.

"మంచినీళ్ళయితే బతుకుతాయి. ముందు మట్టిలో ఉప్పు కడిగెయ్యాలి. సంచీకి రెండు చెంబులు, మూడు రోజులు. ఆరువందల సంచులండీ! ఎక్కణ్ణించి తెస్తాం?"

ఏటిమొగలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. ఒక్కో ఇంటికి నాలుగు బిందెలు దొరికితే గొప్ప. ఆ సంగతి పాపాయికి రాత్రే తెలిసింది. అందుకే అడగడానికి నోరు రాలేదు.

అచ్చాయమ్మ కొంగు బిగించింది. "ఒక్కచోట పోస్తే చెరువు కావాలి. ఇంటికి పది పంచితే బిందె చాలదా? మా పేటలో అరవై గడపలకి తక్కువ లేవు," అని బయటికి నడిచింది.

గంటలో రేవు నుంచి పేట దాకా బారు కట్టారు. వేటకెళ్ళని రోజు కావడంతో మగాళ్ళూ వచ్చారు. తట్టల్లో, చేపల బుట్టల్లో, చంకల్లో, మామిడి మొక్కలు ఇంటింటికీ చేరాయి. వలలు ఆరేసే పందిళ్ళ కింద, వంటపాకల పక్కన, ఎక్కడ నీడ ఉంటే అక్కడ. ఆ మూడు రోజులూ పాపాయి కాలు నేల మీద నిలవలేదు. గడప గడపకీ తిరిగింది. ఇక్కడ ఎక్కువ పోశారనీ, అక్కడ కోడి గీకుతోందనీ గోల పెట్టింది. ఆదివారం కుళాయి రాలేదు. ఆ సాయంత్రం ఒక ముసలమ్మ తాగడానికి దాచుకున్న కుండలోంచి ముంచి పోస్తుంటే చూసి, వద్దని చెయ్యి పట్టుకుంది.

"నాకు గొంతు తడిస్తే చాలమ్మా. వీటికి నోరు లేదు కదా," అందామె.

పేట చివరింట్లో వీరదుర్గ ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుండవు. ఆదివారం పాపాయి అక్కడికి వెళ్ళేసరికి, తన పది మొక్కల ఆకులూ తడిగుడ్డతో తుడుస్తోంది.

"ఈ బోటు ఆ దీవులకేనాండి?" అని అడిగింది.

"అవునమ్మా."

"నిరుడు నవంబరు తుపానుకి మా ఆయన పోతురాజు వేటలో ఉన్నాడండి. బోటు దొరకలేదు, మనిషీ దొరకలేదు. కొట్టుకుపోయినోళ్ళు ఆ దీవుల్లో తేలతారని మా మావయ్య అంటాడు." "ఆ రేకుల మీద పేర్లు రాసేది మీరేనంట కదండీ. ఒకదాని మీద ఆయన పేరు రాస్తారా? అక్కడుంటే చూసుకుంటాడు."

పాపాయి తన చేతిసంచీలోంచి మేకు తీసి, ఖాళీ బిళ్ళ మీద 'పోతురాజు, ఏటిమొగ' అని గీసింది. వీరదుర్గ దాన్ని తానే మొక్కకి కట్టింది.

సోమవారం పదింటికి ఆఫీసరు అన్న మాట ప్రకారం సంతకం పెట్టాడు. మొక్కలన్నీ తిరిగి రేవుకి చేరాయి. పదకొండు చచ్చిపోయాయి, మిగతావాటికి చిగురు పచ్చబడుతోంది. ఈసారి బోటు మీద రెండు డ్రమ్ముల మంచినీళ్ళు ఎక్కించాకే పాపాయి గట్టు మీదికి దిగింది. బోటు ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి కనుమరుగయ్యాక కూడా మనసు కుదుటపడలేదు. పండగ అయిపోయాక ఎవడికి కావాలి ఈ మొక్కలు?

ఇరవై రోజులు ఎదురింటి ఫోను మోగినప్పుడల్లా లేచింది. సెప్టెంబరులో గణేష్‌బాబు మాట్లాడాడు.

"జెండా రోజు పిల్లలు గోతుల దగ్గర నిలబడి నిలబడి ఇళ్ళకెళ్ళిపోయారు అక్కా. బోటు వచ్చాక ఒక మంగళవారం పూట, జెండా లేదు, మైకు లేదు, అన్నీ నాటేశాం. వచ్చే ఏడు రెండు వేలు కావాలంటున్నారు."

పాపాయి, బోటుతోనే చీటీ రాసి పంపిన పోతురాజు సంగతి అడిగింది.

"రేవులో, ఆసుపత్రిలో, తెలుగువాళ్ళ పేటల్లో, అందర్నీ అడిగానక్కా. తుపానుకి కొట్టుకొచ్చిన మనిషెవరూ లేరు. ఆ రేకు మీదున్నది కొత్త రకం పేరనుకుని మాస్టారు బడి పుస్తకంలో కూడా రాసుకున్నాడు, పోతురాజు మామిడి అని."

ఆ మాట ఉత్తరంలో రాసి పంపడం పాపాయికి చేతకాలేదు. మర్నాడే కాకినాడ బస్సెక్కింది. దారి పొడుగునా ఎలా చెప్పాలో కూడదీసుకుంది. ప్రతి ఊళ్ళోనూ ఒక మాట దొరికినట్టే దొరికి జారిపోయింది.

వీరదుర్గ చేపలు ఎండబెడుతోంది. పాపాయి ఎదురుగా నేల మీద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పేరు సంగతి కూడా చెప్పింది.

వీరదుర్గ చాలాసేపు చేపలు తిప్పుతూనే ఉంది. కళ్ళు తుడుచుకోలేదు.

"అది కాపుకి ఎన్నేళ్ళు పడుతుందండి?" అని అడిగింది చివరికి.

"నాలుగేళ్ళు. బాగా చూసుకుంటే మూడు."

"అక్కడ మంచినీళ్ళుంటాయా?"

"ఉంటాయమ్మా. బాగా వానలట."

వీరదుర్గ తలూపి, పీట ముందుకు జరిపింది. పాపాయి ఆ పూటంతా అక్కడే కూర్చుంది. కాకులు రాకుండా చూస్తూ, ఆమెతోపాటు చేపలు తిప్పింది.