హనోరా కవ్వం

గురువారం పొద్దున్నే నోరీన్ పీపాలో మీగడ పోసి, కవ్వం కర్ర పైకుండేలా మూత పెట్టి, గిన్నెలు తోముకోవడానికి వెళ్లిపోతుంది. కవ్వం దానంతటదే లేచి పడుతూ ఉంటుంది. అది ముత్తవ్వ హనోరా చెయ్యి. ఆవిడ ఎప్పుడో పోయింది, అయినా క్లూనరీ ఊళ్లో ఎవరికీ అది వింత కాదు. ఉత్తరాలు తెచ్చినతను "ముసలామె పనిలో ఉన్నట్టుందే" అని నాలుగు పోట్లు వేసి మరీ వెళ్తాడు. చిలుకుతున్నప్పుడు గడపలోకొచ్చిన వాళ్లెవరైనా చెయ్యి వెయ్యాల్సిందే. వెయ్యకపోతే వెన్న పడదు.

ఆ గురువారం ఊరి వారసత్వ సంఘం అధ్యక్షుడు మలాకీ వచ్చాడు. కవ్వం ముట్టుకోలేదు.

"పాత పాలకేంద్రాన్ని మ్యూజియం చేస్తున్నాం కదమ్మాయ్. శనివారం ఈ పీపాకి బండి పంపిస్తా."

"యాభై దాటాయి నాకు, అమ్మాయేంటి? పీపా ఇస్తామని ఎవరన్నారు?"

"మీ తమ్ముడు డెక్లన్. ఇల్లు అతని పేరు మీదేగా."

మంచాన పడ్డ తల్లికి ఏళ్ల తరబడి చేసింది నోరీన్. ఇల్లు మాత్రం గాల్వే పట్నంలో కూర్చున్న డెక్లన్‌కి పోయింది. ఆమెకున్న ఆధారం ఈ వెన్నొక్కటే. పాలకేంద్రం వెనకగది ఇస్తే అక్కడే చిలికి అమ్ముకుంటానని సంఘాన్ని ఇదివరకే అడిగింది. చరిత్ర ఉండాల్సిన చోట వెన్న బేరమా అన్నారు.

"గుమ్మంలో ఫలకం పెడుతున్నాం. స్థాపకులు తొమ్మిదిమంది పేర్లూ చెక్కిస్తున్నాం," అన్నాడు మలాకీ.

"తొమ్మిదిమందీ మీసాలవాళ్లేనా?"

"మరి?"

నోరీన్ చేతిలో గిన్నె ఠంగుమంది. ఈ ఊరి ఆడవాళ్లు వెన్న అమ్మే కౌలు కట్టారు, పిల్లలకి బూట్లు కొన్నారు. పాలకేంద్రం గోడలు లేచింది కూడా ఆ డబ్బుతోనే. లేచాక పాలక్యాన్లు మగవాళ్ల బండెక్కాయి, డబ్బు మగవాళ్ల జేబెక్కింది. మా వాటా మా పేర రాయండని అడిగినందుకు హనోరాని ఫాదర్ నిండు చర్చిలో పేరు పెట్టి తిట్టాడు.

"నువ్వూ పాతకాలం శాలువా కప్పుకుని పీపా పక్కన నిలబడు. టూరిస్టులు ఫొటోలు తీసుకుంటారు."

"ముందు కవ్వం పట్టండి మలాకీ గారూ."

"ఆడవాళ్ల పని నాకెందుకు?" అంటూ పీపా బరువెంతో చూద్దామని కవ్వాన్ని ఆపబోయాడు. కవ్వం ఆగలేదు. అతని చెయ్యే దానికి అతుక్కుపోయి లేచి పడసాగింది.

పొరుగింటి డెల్లా లోపలికొస్తూనే బుగ్గ నొక్కుకుంది. "ఇదేం చోద్యమే, మలాకీ చిలుకుతున్నాడు! ఇంట్లో చెంచా కూడా ఎత్తడు మహానుభావుడు!"

"వదలమని చెప్పు నోరీన్!"

"నాకు చెప్తారేం? పట్టుకుంది ఆవిడ."

ఆడవాళ్లిద్దరూ టీ పోసుకున్నారు. మధ్యాహ్నానికి మలాకీ చొక్కా తడిసిపోయింది.

"ఏం కావాలట ఈవిడకి?"

"అప్పుడే చెప్పింది. మీ తాతలు వినలేదు."

మలాకీ ఎడంచేత్తో జేబులోంచి తాళంచెవి తీశాడు. "ఇదిగో, వెనకగది." కవ్వం వదల్లేదు. "ఫలకం మీద పేరు కూడా చెక్కిస్తా. పదోది." కవ్వం ఇంకా జోరందుకుంది. "మొదటిది! తల్లీ, మొదటి పేరే!"

పీపాలో వెన్న పడింది. చెయ్యి ఊడొచ్చింది.

శనివారం బండొచ్చింది. పీపాతోపాటు నోరీనూ ఎక్కింది, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని. దారిలో డెక్లన్ ఫోన్ చేశాడు. మ్యూజియానికని నేనిచ్చిన పీపాతో నన్నడక్కుండా నీకు బేరమేంటి, వచ్చి తేలుస్తా అని అరిచాడు.

"తప్పకుండా రా తమ్ముడూ," అంది నోరీన్. "గురువారం పొద్దున్నే రా."